భిలాయిలో సముద్రం వాచీ

భిలాయి నుంచి సముద్రం చూడాలంటే దుర్గ్‌లో విశాఖ రైలు ఎక్కాలి. రాయపూర్, మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి... రాత్రి నిద్రంతా రైలుకు ధారపోస్తే అప్పుడు తగులుతుంది ముక్కుకి ఉప్పుగాలి. అలాంటి ఊళ్ళో ఉంటూ, 200 మీటర్ల లోతు నీళ్ళలోకి దిగే వాచీ కొన్నావేంట్రా అని మీ నాన్న నిన్ను పొద్దుట్నించీ దెప్పుతున్నాడు. దెప్పనీ. ఇదే మాట మీ నానమ్మ నన్ను 1983లో అంది. ఇప్పటికీ అంటుంది, కావాలంటే లోపలికెళ్ళి అడుగు.

ఆ బొగ్గులు కాస్త ఎగదొయ్యి చిన్నోడా. సిగ్డీ దగ్గర కూచుంటే గాని ఈ జనవరి చలికి నా వేళ్ళు వంగవు. ఇప్పుడు ఇటియ్యి ఆ వాచీ. ఊఁ, బరువుగానే ఉంది. నల్ల డయలు, పెద్ద అంకెలు, అద్దం చుట్టూ తిరిగే ఉంగరం, అదే బెజెలు. పెట్టె మీద మిలిటరీ స్టైల్ అని రాశాడా? రాస్తాడు మరి. మిలిటరీవాడు అవసరానికి పెట్టుకున్నదల్లా బజారులోకి వచ్చేసరికి స్టైలైపోతుంది. మంచిదో కాదో చెప్పమన్నావు, చెబుతాను. ముందు రెండు వాచీల ముచ్చట వినాలి. ఒకటి మా మామగారు పెట్టింది, రెండోది రష్యావాడి చేతినుంచి వచ్చింది.

నేను భిలాయికి వచ్చింది 1968లో. మాది టెక్కలి పక్క పల్లెటూరు. అప్పటికే మా వైపువాళ్ళు బోలెడుమంది ఇక్కడ ఉన్నారు. పలాస, ఇచ్ఛాపురం, పాలకొండ, బొబ్బిలి... ఒకడు ఉద్యోగంలో కుదిరితే వాడి వెనకాల బావమరిది, వాడి వెనకాల పినతల్లి కొడుకు. ఇక్కడి ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఢిల్లీలో రష్యావాళ్ళతో ఒప్పందం మీద సంతకం 1955 ఫిబ్రవరి 2న జరిగింది. నాలుగేళ్ళకి, 1959 ఫిబ్రవరి 4న, రాజేంద్రప్రసాద్ గారు వచ్చి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించారు. రూర్కెలా జర్మనీవాళ్ళు కట్టారు, దుర్గాపూర్ ఇంగ్లీషువాళ్ళు కట్టారు, మన భిలాయి రష్యావాళ్ళు కట్టారు. నేను దిగేసరికి పది లక్షల టన్నుల ఫ్యాక్టరీ పాతిక లక్షల టన్నులకు పెరిగి ఉంది. అప్పుడిది మధ్యప్రదేశ్. ఛత్తీస్‌గఢ్ అని పేరు వచ్చింది 2000 నవంబరు 1న. నేను ఇల్లు మారకుండానే రాష్ట్రం మారిపోయింది.

నాకు క్రేన్ ఎలక్ట్రీషియన్ పని. తుక్కు ఇనుము యార్డులో పైనుండే క్రేన్లకు పెద్ద పెద్ద అయస్కాంతాలు వేలాడుతూ ఉంటాయి. కరెంటు ఇస్తే ఇనుము అతుక్కుంటుంది, తీసేస్తే దభాలున పడిపోతుంది. వాటి తీగలు, స్విచ్చులు, బ్రష్షులు చూడ్డం నా వంతు. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు. రాత్రి పదింటికెళ్ళి పొద్దున్న ఆరింటికి దిగే సీ షిఫ్టులో టైము తెలియకపోతే మనిషికి పిచ్చెక్కుతుంది. బయట చీకటో వెలుతురో ఆ షెడ్డులో తెలీదు. కొలిమి తలుపు తీసినప్పుడల్లా అర్ధరాత్రే తెల్లారినట్టుంటుంది.

1972లో నా పెళ్ళి. ఆ రోజుల్లో అల్లుడికి వాచీ పెట్టాల్సిందే. సైకిలు, రేడియో ఉన్నవాళ్ళు పెడతారు, వాచీ మాత్రం అప్పోసప్పో చేసైనా పెడతారు. మా మామగారు హెచ్‌ఎంటీ జనతా పెట్టారు. తెల్ల డయలు, సన్నటి ముళ్ళు, 17 జ్యువెల్స్, పొద్దున్న లేవగానే కీ ఇచ్చుకోవాలి. బెంగుళూరులో 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో మొదలైన ఫ్యాక్టరీ అది. దేశం మొత్తం దాని టైము ప్రకారమే నడిచింది కొన్నాళ్ళు. ఆఫీసుకు, బడికి, పెళ్ళికి వెళ్ళే మనిషికి అంతకంటే మంచి వాచీ ఇవాళ్టికీ లేదంటాను. పల్చగా ఉంటుంది, చొక్కా కఫ్ కింద ఇట్టే దూరిపోతుంది, మణికట్టు మీద ఉన్నట్టే తెలియదు.

కానీ నేను వెళ్ళేది ఆఫీసుకు కాదు కదా. అయస్కాంతం కింద తిరిగే మనిషిని. కొన్నాళ్ళకు వాచీ పరుగెత్తడం మొదలెట్టింది. పొద్దున్న సరిచేస్తే రాత్రికి చాలా నిమిషాలు ముందుంటుంది. పవర్ హౌస్ దగ్గర ఒక వాచీ రిపేరాయన ఉండేవాడు, రాయపూర్ మనిషి. కంటికి భూతద్దం పెట్టుకుని వెనక మూత తీసి చూశాడు. నూనె బాగుంది, మురికి లేదు. అప్పుడు సొరుగులోంచి చిన్న దిక్సూచి తీసి వాచీ పక్కన పెట్టాడు. ముల్లు ఇటూ అటూ జాతరలో పూనకం వచ్చినదానిలా ఊగింది. "నీ ఘడీకి లోహా చడ్ గయా" అన్నాడు, అంటే అయస్కాంతం పట్టిందని. వాచీ లోపల వెంట్రుకకంటే సన్నగా చుట్టలు చుట్టుకున్న స్ప్రింగు ఉంటుంది. అయస్కాంతం పట్టిందంటే దాని చుట్టలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అతుక్కుంటే స్ప్రింగు పొట్టిదైనట్టే, పొట్టిదైతే వాచీ పరుగు పెట్టినట్టే. ఆయన ఒక తీగచుట్టలో కరెంటు పెట్టి, దాని మధ్యలో వాచీ ఉంచి, మెల్లగా దూరంగా లాగాడు. అంతే, పట్టిన దెయ్యం దిగిపోయింది. తప్పు వాచీది కాదు. మా మామగారు పెళ్ళికొడుక్కి పెట్టారు గాని క్రేన్ ఎలక్ట్రీషియన్‌కు పెట్టలేదు. దాన్ని ఇంట్లో ఉంచి పండగలకీ పబ్బాలకీ పెట్టుకోవడం మొదలెట్టాను. అది ఇంకా నడుస్తోంది. ఆ అల్మారాలో ఉంది, పసుపు డబ్బా వెనకాల.

ఇప్పుడు రష్యావాళ్ళ ముచ్చట. ఫ్యాక్టరీని 40 లక్షల టన్నులకు పెంచుతున్న రోజులు. ప్లేట్ మిల్లు, రెండో స్టీల్ మెల్టింగ్ షాపు లేస్తున్నాయి. రష్యా నిపుణులు పిల్లాపాపలతో వచ్చి ఉండేవారు. సెక్టార్ 7లో రష్యన్ కాంప్లెక్స్ వాళ్ళదే. సాయంత్రం సివిక్ సెంటర్‌కి వెళ్తే పూల గౌన్లు వేసుకున్న రష్యా ఆడవాళ్ళు అరటిపళ్ళు బేరమాడుతుండేవారు. హిందీ వాళ్ళకి సగం వచ్చు, రష్యన్ మనకి పావు వచ్చు, మిగతాది చేతులు మాట్లాడేవి. "ద్రూగ్" అంటే స్నేహితుడు, "హరాషో" అంటే బాగుంది. ఈ రెండు మాటలతో ఒక షిఫ్టు నడిపేయొచ్చు. మైత్రీబాగ్ ఉంది చూడు, నువ్వు చిన్నప్పుడు తెల్లపులిని చూసి ఏడ్చినచోటు, అది ఆ స్నేహం పేరు మీద 1972లో పెట్టిందే.

వాళ్ళ దగ్గర కెమెరాలు, వాచీలు, బొమ్మలు ఉండేవి. మన దగ్గర టీ పొడి, తోలుసంచీలు, గొడుగులు ఉండేవి. ఇక చెప్పేదేముంది! మా షాపులో క్రేన్ల పని చూడ్డానికి వచ్చిన ఒక నిపుణుడు ఉండేవాడు. పొడుగ్గా, ఎర్రటి కనుబొమలతో ఉండేవాడు. తిరిగి వెళ్ళిపోయే ముందు మా ఇంటికి భోజనానికి పిలిచాను. మీ నానమ్మ పప్పు, వంకాయ కూర, పులిహోర చేసింది. ఆయన కళ్ళు కూర మీద లేవు, నీళ్ళు పోసిన చెంబు మీద ఉన్నాయి. బుడితి కంచు చెంబు అది, మా అమ్మ ఇచ్చింది. వేలితో కొట్టి, అది మోగుతుంటే చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఇనుము తయారుచేసే మనిషి కదా, లోహం మోగితే తెలిసిపోతుంది. ఆ చెంబూ, దానితోపాటు ఒక పొందూరు ఖద్దరు పంచె ఇచ్చాను. మర్నాడు డ్యూటీలో తన చేతిది తీసి నా చేతికి పెట్టాడు. "చాసీ" అన్నాడు, అంటే వాచీ. "హరాషో చాసీ." చెంబు పోయిందని మీ నానమ్మ ఆరు నెలలు నాతో సూటిగా మాట్లాడలేదనుకో.

అదీ ఈ వాచీ. చూడు, డయలు మీద రష్యా అక్షరాల్లో ఆంఫీబియా అని ఉంటుంది. వోస్తోక్ కంపెనీ. ఓల్గా నదిలో కలిసే కామా నది ఒడ్డున చిస్తోపోల్ అనే ఊళ్ళో ఫ్యాక్టరీ. హిట్లరు సైన్యం మాస్కో మీదికి వస్తుంటే అక్కడి వాచీ ఫ్యాక్టరీ యంత్రాలను లోపలికి తరలించారు, అలా పుట్టిన ఫ్యాక్టరీ. సైన్యం కోసం కమాందిర్‌స్కీ అనే వాచీ చేశారు. వాటిలో కొన్నింటి డయలు మీద సోవియట్ రక్షణ శాఖ ఆర్డరు అని రాసే ఉంటుంది. నీళ్ళలో దిగేవాళ్ళ కోసం 1967లో ఈ ఆంఫీబియా చేశారు. మిఖాయిల్ నోవికోవ్, వేరా బెలోవా అని ఇద్దరు దీని రూపకర్తలు. 200 మీటర్లు దీని లెక్క.

ఆ కుర్చీ దగ్గరికి లాక్కో, దీన్ని విప్పి చూపిస్తాను. వెనక ఇదిగో ఈ ఉంగరం లాంటి దానికి చుట్టూ కోతలున్నాయా? ముందు ఇది ఊడుతుంది. దీని కింద మూత వేరుగా ఉంది, మరలు లేవు దానికి. మూతకు రెండు చెవులున్నాయి, ఇవి కేసులోని గాళ్ళలో కూచుంటాయి. అంటే ఉంగరం తిప్పి బిగించేటప్పుడు మూత తిరగదు. మూత తిరగకపోతే కిందనున్న రబ్బరు మెలిపడదు. మామూలు వాచీలో మూతే మరలా తిరుగుతుంది, తిరిగినప్పుడల్లా రబ్బరును ఒరుసుకుంటుంది. ఇక్కడ అది లేదు. పైగా రబ్బరు చూడు, దారంలా కాదు, వెడల్పుగా పట్టీలా ఉంది. లోతుకు వెళ్ళేకొద్దీ నీళ్ళ బరువు మూత మీద పడి దాన్ని రబ్బరు మీదికి ఇంకా గట్టిగా నొక్కుతుంది. మీ అమ్మ వాడే హాకిన్స్ కుక్కరు చూడు, మూత లోపల్నించి పడుతుంది. ఆవిరి పెరిగేకొద్దీ మూత అంచుకు ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. అదే తెలివి, తిరగేసి పెట్టారు.

అద్దం కూడా అంతే. ఇది గాజు కాదు, మందపాటి ప్లాస్టిక్కు. నీళ్ళు నొక్కితే కొంచెం లోపలికి వంగుతుంది. వంగితే అంచులు బయటికి తన్ని కేసుకు బిగుసుకుంటాయి. ఇందులో ఖరీదైన పని ఏమీ లేదు. ఖరీదైన యంత్రాలు, ఖరీదైన రబ్బర్లు లేని చోట బుర్ర పెట్టి చేసిన పని. శత్రువైన నీటినే కాపలాకు పెట్టుకున్నారు. భిలాయిలో నేను చూసిన రష్యా యంత్రాలన్నీ ఇలాగే ఉండేవి. మొరటుగా, బరువుగా, అందం చందం లేకుండా ఉండేవి. కానీ సుత్తి, రెంచీ ఉంటే రాత్రి రెండింటికి కూడా బాగుచేసుకోగలిగేవాళ్ళం.

అసలు ఈ తరహా వాచీలు స్టైలు కోసం పుట్టలేదురా. 1953లో ఫ్రాన్స్ నేవీ ఈతగాళ్ళ కోసం బ్లాంక్‌పేన్ కంపెనీ ఫిఫ్టీ ఫాథమ్స్ చేసింది. ఫాథం అంటే ఆరడుగులు, యాభై ఫాథంలంటే 91 మీటర్ల చిల్లర. ఆ ఏడే రోలెక్స్ సబ్‌మెరైనర్. 1965లో జపాన్ సైకో 150 మీటర్ల వాచీ చేసింది. అందరిదీ ఒకటే అవసరం. నీళ్ళలోకి దిగినవాడి వీపు మీద సిలిండరులో ఇంత గాలి ఉంటుంది, అది ఇన్ని నిమిషాలే వస్తుంది. దిగేటప్పుడు బెజెలు మీది గుర్తును నిమిషాల ముల్లు దగ్గరికి తిప్పి పెట్టుకుంటాడు. ముల్లు గుర్తుకు ఎంత దూరం పోయిందో అన్ని నిమిషాలు గాలి తగ్గినట్టు. ఇక్కడ లెక్క తప్పితే మనిషి పైకి రాడు.

అలా దిగేవాళ్ళ సంగతి మనకు విశాఖలోనే తెలిసింది. 1971 డిసెంబరు 3 రాత్రి దాటాక పాకిస్తాన్ సబ్‌మెరీన్ ఘాజీ విశాఖ ఒడ్డున మునిగింది. అది నిజంగా ఘాజీయేనా అని తేల్చడానికి నేవీ డైవర్లు కిందికి దిగారు. మా పెదనాన్న కొడుకు ఒకడు అప్పుడు విశాఖలోనే పనిచేసేవాడు. వాడు భిలాయి వచ్చినప్పుడు నా చేతి వాచీ చూసి, "అన్నయ్యా, ఇలాంటిది పెట్టుకున్నవాడు గోడ గడియారం చూడ్డు" అన్నాడు. నాకు తెగ గర్వం వేసిందిలే. నేనేమో క్రేన్ మీదికి ఎక్కేవాణ్ణి, సముద్రంలోకి దిగేవాణ్ణి కాదు.

మరి సముద్రం లేని ఊళ్ళో అది నాకు ఏం చేసిందంటావా? చాలా చేసింది. భిలాయిలో వాచీకి శత్రువులు దుమ్ము, చెమట, దెబ్బలు. ఎర్రటి ఖనిజం దుమ్ము, నల్లటి బొగ్గు దుమ్ము ముక్కులో, చెవుల్లో, టిఫిన్ క్యారియరులో, అన్నిట్లో దూరేవి. నీళ్ళు దూరని వాచీలో దుమ్ము కూడా దూరదు. మే నెలలో 45 డిగ్రీల ఎండలో షెడ్డులో నిలబడితే చెమట చేతి మీద కాలువ కడుతుంది. వాచీ విప్పి కుళాయి కింద పెట్టి సబ్బుతో కడిగేవాణ్ణి, చెంబు కడిగినట్టు. ఆ జనతాని అలా కడగ్గలనా? అద్దం గీతలు పడితే గుడ్డకు టూత్‌పేస్టు రాసి పావుగంట రుద్దితే మళ్ళీ మెరిసేది. ప్లాస్టిక్కు కాబట్టే అది కుదిరింది. గాజైతే తేలిగ్గా గీత పడదు, పడితే పోదు, గట్టి దెబ్బ తగిలితే పగులుతుంది. ఇది చాలామందికి రుచించదు, గీతలు పడే అద్దమేంటని మూతి విరుస్తారు. నేనైతే పగిలేదాని కంటే గీసుకునేదే నయమంటాను.

లోపాలు చెప్పకపోతే నమ్మవు నువ్వు. కీ ఇవ్వడానికి పక్కనున్న బొత్తాం, అంటే క్రౌన్, మర విప్పితే ఊడిపోయినట్టు వేలాడుతుంది. మొదటిసారి చూసినవాడు విరిగిందనుకుంటాడు. అది లోపం కాదు, దెబ్బ తగిలినా లోపలి కాడ విరక్కూడదని అలా వదులుగా పెట్టారు. కొంచెం బయటికి పట్టుకుని తిప్పితే కీ ఎక్కుతుంది. ఇది తెలియక బలవంతంగా లోపలికి నొక్కి తిప్పితే మర అరిగిపోతుంది. బెజెలు రెండు వైపులా తిరుగుతుంది, అది మాత్రం నాకు నచ్చదు. ఇప్పటి డైవింగు వాచీలకు ఒకే వైపు తిరగాలి. పొరపాటున చెయ్యి తగిలి కదిలినా గాలి అయిపోయినట్టు చూపిస్తుంది గాని మిగిలినట్టు చూపించదు. చీకట్లో వెలుగు కూడా అంతంత మాత్రమే, సీ షిఫ్టులో తెల్లవారుజాముకల్లా ఆరిపోయేది. టైమంటావా, రోజుకు 20 సెకన్లు వెనక నుంచి 60 సెకన్లు ముందు దాకా తేడా ఉండొచ్చని కంపెనీ కాగితమే చెబుతుంది. నీ చేతిలో ఫోను దాన్ని చూసి నవ్వుతుంది. కానీ ఆరింటికి షిఫ్టు దిగేవాడికి అర నిమిషం ఒక లెక్కా?

బెజెలు నాకు ఎందుకు పనికొచ్చిందో చెప్పనా? విశాఖ పాసింజరు టిట్లాగఢ్‌లో ఆగినప్పుడు. ఆగగానే గుర్తు తిప్పి పెట్టేవాణ్ణి. ఎంతసేపు ఆపారో బోగీ మొత్తానికి నేనే చెప్పేవాణ్ణి. మీ నాన్నకు టైఫాయిడ్ వచ్చి సెక్టార్ 9 ఆస్పత్రిలో ఉన్నప్పుడు సెలైను ఎప్పుడు ఎక్కించారో దీని మీదే గుర్తు పెట్టుకున్నాను. నీళ్ళలోకి దింపింది తక్కువే. శివనాథ్ నదిలో స్నానాలకి, మరోదా చెరువులో ఈతకి, అంతే. ఒకసారి బావిలో పడ్డ బకెట్టు తీయడానికి ఊళ్ళో దిగాను. దాని 200 మీటర్లలో నేను వాడుకున్నది అయిదు మీటర్లు ఉంటుందేమో.

పట్టీ సంగతి మరచిపోయాను. అది అన్నిటికంటే ముఖ్యం. కరెంటు పనివాడు ఇనుప గొలుసు పట్టీ పెట్టుకోకూడదు. ప్యానెలులో చెయ్యి పెట్టినప్పుడు గొలుసు రెండు టెర్మినళ్ళకు తగిలిందంటే క్షణంలో ఎర్రగా కాలుతుంది. వేరే ఊరి ఫ్యాక్టరీ నుంచి బదిలీ మీద వచ్చిన ఒకాయన ముంజేతి చుట్టూ కడియంలా కాలిన మచ్చ ఉండేది. అది చూశాక నేను గొలుసు ముట్టలేదు. ప్యానెలు పనికి వాచీ పూర్తిగా తీసి జేబులో వేసుకునేవాణ్ణి, మిగతా వేళల్లో నైలాను పట్టీ. ఇంగ్లీషు సైన్యం 1973లో ఒక నైలాను పట్టీకి కొలతలు రాసి పెట్టింది, ఇప్పుడు బజార్లో నాటో పట్టీ అని అమ్ముతున్నారే, అదే. ఒకే పొడుగు పట్టీ వాచీ కిందనుంచి పోతుంది. పట్టీని పట్టుకునే పుల్ల, అదే స్ప్రింగ్ బార్, ఒక వైపు ఊడినా రెండో వైపు పట్టుకుని ఉంటుంది, వాచీ జారదు. తడిసినా ఆరిపోతుంది, ఉతుక్కోవచ్చు. తోలు పట్టీ చెమటకు ఒక్క వేసవి ఆగదు, వాసనేస్తుంది.

తర్వాత్తర్వాత క్వార్ట్జ్ వచ్చిపడింది. మన హైదరాబాదు ఆల్విన్ వాళ్ళు సైకోతో కలిసి చేశారు, టాటావాళ్ళ టైటన్ వచ్చింది. కీ ఇవ్వక్కర్లేదు, నెలకు పది పదిహేను సెకన్ల తేడా. 1991లో సోవియట్ యూనియనే లేకుండా పోయింది, రష్యావాళ్ళు ఒక్కొక్కరే సర్దుకున్నారు. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయడానికి ఢిల్లీలో 2016 జనవరిలో ఆమోదముద్ర వేశారు. ఆ వార్త పేపర్లో చదివి అల్మారాలోంచి జనతా తీసి కీ ఇచ్చాను. చిస్తోపోల్ ఫ్యాక్టరీ మాత్రం ఇంకా ఆంఫీబియా చేస్తూనే ఉంది, ఇదే మూత, ఇదే రబ్బరు. మనవాళ్ళు ఒక మోడలును ముప్ఫయ్యేళ్ళు మార్చకుండా ఉంచితే వెనకబడ్డారంటాం, వాళ్ళు యాభై ఏళ్ళు ఉంచారు.

ఇక నీ వాచీ. ముందు డయలు మీద ఏం రాశాడో చూడు. 30 మీటర్లని ఉంటే ముప్ఫై మీటర్ల లోతుకు దిగొచ్చని కాదు. చేతులు కడుక్కుంటే ఫర్వాలేదని. 50 అంటే తేలిగ్గా ఈదొచ్చు. 100 ఉంటే ఈతకు భయం లేదు, 200 ఉంటే డైవింగుకే పనికొస్తుంది. వట్టి నీళ్ళ పరీక్షకూ డైవింగు పరీక్షకూ తేడా ఉంది. ఐఎస్ఓ 6425 అని ఒక ప్రమాణం ఉంది. దాని ప్రకారం కనీసం 100 మీటర్లు ఉండాలి, రాసిన లోతు కంటే పాతిక శాతం ఎక్కువ ఒత్తిడి తట్టుకోవాలి, చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి టైము కనబడాలి, వాచీ నడుస్తోందని కూడా చీకట్లోనే తెలియాలి. అందుకే సెకన్ల ముల్లు మీద కూడా వెలుగు చుక్క ఉంటుంది. నీదానికి ఉంది. లైటు ఆపు ఒకసారి... ఆఁ, బాగా వెలుగుతోంది. మనం అన్నిటినీ రేడియం అనేస్తాం గాని, ఇది రేడియం కాదులే. అసలు రేడియం పూసిన కాలంలో అమెరికాలో ఆ పని చేసిన ఆడపిల్లలు కుంచె మొన పెదాలతో తడిపి తడిపి జబ్బులతో పోయారు. ఇప్పుడు పూసేది వెలుతురు తాగి వెలుతురు కక్కే పొడి, ప్రమాదం లేదు.

ఇంకో పరీక్ష. రిపేరు దుకాణంలో చేసేదే. వాచీని సిగ్డీకి కొంచెం దూరంగా పెట్టు, చేతికి గోరువెచ్చగా తగిలేంత. చాలు, ఎర్రగా కాల్చక్కర్లేదు. ఇప్పుడు అద్దం మీద ఒక చుక్క చన్నీళ్ళు వెయ్యి. ఒక నిమిషం ఉంచి తుడువు. లోపల మంచు పట్టినట్టు ఆవిరి కనబడిందా? లేదు. కనబడి ఉంటే లోపల తేమ ఉన్నట్టు, కంపెనీకి తిప్పి పంపించమనేవాణ్ణి. బెజెలు ఒకవైపే తిరుగుతోంది, క్లిక్కులు గట్టిగా ఉన్నాయి. క్రౌన్ మర బిగుస్తోంది. కేసు చెవులు నీ మణికట్టు అంచులు దాటలేదు, అది కూడా చూడాలి. నీ చెయ్యి సన్నం. ఇంకొంచెం పెద్దది కొని ఉంటే తవ్వ బోర్లించినట్టుండేది.

దీనిలో నాకు నచ్చనివి రెండే. మందం ఎక్కువ. బ్యాంకులో కూచునేవాడివి, పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే కఫ్ దీని మీద ఎక్కదు, రోజుకు పదిసార్లు సర్దుకుంటావు. ఆ చొక్కాలు కుట్టించేటప్పుడు ఎడమ కఫ్ కొంచెం వదులు పెట్టమను. రెండోది ఈ రబ్బరు పట్టీ. దుర్గ్ నుంచి రాయపూర్ లోకల్లో వేసవిలో వెళ్ళి చూడు, చేతికి పొక్కులొస్తాయి. నైలాను వేయించు. మరో మాట. నీ ఫోను కవరుకు మూత దగ్గర అయస్కాంతం ఉంది. రాత్రి పడుకునేటప్పుడు వాచీని దాని మీద పెట్టకు. తుక్కు యార్డు క్రేనే అక్కర్లేదు, ఆ చిన్న బిళ్ళ చాలు వాచీని పరుగు పెట్టించడానికి. వేడినీళ్ళ స్నానానికి పెట్టుకెళ్ళకు. చన్నీళ్ళకు ఆగే రబ్బరు ఆవిరికి లొంగిపోతుంది. క్రౌన్ విప్పి ఉండగా చెయ్యి తడి చేసుకోకు.

మీ నాన్న అడిగినదానికి జవాబు ఇది. వాన, చెమట, బైకు, రైలు, కుళాయి, ఇన్ని ఉన్నవాడికి 200 మీటర్ల వాచీ దుబారా కాదు. డబ్బు వృథా అయ్యేది ఉన్న లక్షణాలకు కాదు, డయలు మీద మిలిటరీ బొమ్మకు ఎక్కువ ఇస్తే. నువ్వు అలా ఇవ్వలేదు. ఉంచుకో. ఏడాదికోసారి వానలు మొదలవక ముందు రబ్బర్లు చూపించు, ఎండిపోయి ఉంటే మార్పించు. పవర్ హౌస్ దగ్గరి ఆయన లేడు గాని ఆయన కొడుకు అదే కొట్టులో కూచుంటున్నాడు. పట్టీ కూడా అక్కడే దొరుకుతుంది. రేపు ఆదివారం, పదింటికి తీస్తాడు.